పిలుపు మామా, మేనమామా?

పోయిన నెల చెవి మిషను పెట్టించుకోవడానికి తిరువళ్ళూరు వెళ్లాను. మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఎదుటివాళ్లు గొణుగుతున్నారని మనం విసుక్కుంటాం, మనకు వినపడి చావడం లేదని వాళ్లు విసుక్కుంటారు, చివరికి ఏ మనవరాలో చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. అక్కడ పరీక్ష చేసే అమ్మాయికి నిండా పాతికేళ్లుండవు. ఒక కాగితం ముందు పెట్టుకుని పేరు, ఊరు, బీపీ, షుగరు అన్నీ వరసగా అడిగి, తలెత్తకుండానే, మీ ఇంట్లో సొంతంలో పెళ్లిళ్లున్నాయా అని తమిళంలో అడిగింది. మా వైపు సొంతం అంటే చుట్టరికం. ఉన్నాయమ్మా, నేను మా మేనమామ కొడుకునే చేసుకున్నాను అన్నాను. ఆ పిల్ల ఒక గడిలో టిక్కు పెట్టి తరవాతి ప్రశ్నకు పోయింది. డెబ్భై ఏళ్ల ముసలిదాని చెవులకూ దాని పెళ్లికీ ఏమిటే సంబంధం అని నోటిదాకా వచ్చింది గానీ అడగలేకపోయాను, ఎందుకంటే ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి అదే ప్రశ్న అడిగి, అలాంటి గళ్లే గీసి, అలాంటి టిక్కులే పెట్టినదాన్ని నేను. ఆ రోజంతా తల తిరుగుతూనే ఉంది. ఆ గొడవ మీకు చెప్పుకుంటే కొంచెం తేటపడుతుందేమోనని ఇది రాస్తున్నాను, తేటపడకపోతే మీరూ నాతో పాటు కాసేపు గందరగోళపడండి.

నేను పుట్టినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది, బడికి పోయే వయసు వచ్చేసరికి చెంగల్పట్టు జిల్లా అయింది, నడివయసులో తిరువళ్ళూరు జిల్లా అయింది, కొండ కింద వీధిలో మా ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. మా నాన్నది బట్టల కొట్టు. కొట్లో తమిళం, వంటింట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. డెబ్భైల చివర్లో నేను బి.ఏ. ముగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు, అరక్కోణంలో రైల్వేలో చేరిన మా బావకు ఉద్యోగం ఖాయమయ్యేదాకా కాచుకుని ఉండడం. ఆ సంబంధం నేను పరికిణీలు వేసుకునే రోజుల్లోనే అనుకున్నది, నన్నెవరూ అడగలేదు, అడగలేదేమని నాకూ తోచలేదు.

ఆ బావ తండ్రి, మా అమ్మకు అన్న, మా మేనమామ. స్టేషనుకు పోయే దారిలో ఆయనకు బియ్యం కొట్టు, దాని వెనక ఇరవై గదుల లైను ఇళ్లు ఉండేవి. ఒక్కో గదికి ముందు చిన్న అరుగు, వెనక పొయ్యి, అందరికీ కలిపి ఒక బావి. అద్దెకుండే మగవాళ్లలో చాలామంది పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరు దాటి అంబత్తూరు దాకా ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు. అందరూ తెలుగువాళ్లే, ఎందుకంటే మా మేనమామ మనవాళ్లకు తప్ప ఇల్లిచ్చేవాడు కాదు. ఇల్లు అడగడానికి ఎవరైనా వస్తే ముందు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మీదే ఊరు, ఎవరి తాలూకు, ఒకరికొకరు ఏమవుతారు అని నింపాదిగా విచారించేవాడు, వరస తేలితేనే తాళంచెవి. చెడ్డమనిషి అనుకునేరు, కాదు. లైనులో ఎవరికి పురుడొచ్చినా బండి కట్టించేది ఆయనే. వరస తెలియని మనిషితో మాట్లాడడం మాత్రం ఆయనకు చేతనయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో మద్రాసు నుంచి ఒకావిడ వచ్చింది. యూనివర్సిటీలో మానవశాస్త్రం మీద డాక్టరేటు చేస్తున్నదట. ముప్పై దాటిన మనిషి, నూలు చీర, మెడ బోసి, చేతికి మగవాళ్ల వాచీ. మేనరికాలు చేసుకునే ఇళ్లలో చెవిటి పిల్లలు ఎక్కువగా పుడుతున్నారా, పుడతారని తెలిసి కూడా జనం ఎందుకు చేసుకుంటున్నారు, ఇదీ ఆవిడ తేల్చుకోవలసిన విషయం. అప్పట్లో దాని గురించి రేడియోలో కూడా చెప్తుండేవాళ్లు, మనవాళ్లు వింటూనే మేనకోడళ్ల జాతకాలు చూపించుకునేవాళ్లు. ఆవిడకు తెలుగు రాదు. లైనులో ఆడవాళ్లు రేషను షాపులో దడదడా తమిళం మాట్లాడతారు గానీ, పుట్టింటి మాట వస్తే తెలుగులోకి దిగిపోతారు. అందుకని ఆవిడకు నన్ను దుబాసీగా కుదిర్చింది మా మేనమామే, పెళ్లయ్యేదాకా పిల్లకు పొద్దుపోతుందని. తన మేడ మీద గది కూడా ఆవిడకిచ్చాడు. అందరితో పాటు నేనూ ఆవిణ్ణి మేడం అనేదాన్ని.

మానవశాస్త్రం అంటే ఏమిటని లైనంతా నన్నే అడిగింది. మనుషుల గురించి చదవడం అన్నాను. దానికి చదువెందుకని బావి దగ్గర ఒక ముసలమ్మ అంది. 

పని మాత్రం చూడముచ్చటగా ఉండేది. పెద్ద తెల్లకాగితం, పెన్సిలు, స్కేలు. త్రికోణం అంటే మగవాడు, సున్న అంటే ఆడది, ఇద్దరి మధ్య ఒక గీత గీస్తే పెళ్లి, రెండు గీతలైతే సొంతంలో పెళ్లి. కిందికి దిగే గీత పిల్లలు, పైకి పోయేది తల్లిదండ్రులు. వినపడని బిడ్డ ఉంటే ఆ గుర్తును నల్లగా నింపాలి. మేడం నాకు నేర్పిన సూత్రం ఒక్కటే, ఎదుటిమనిషి ఏ మాటంటే ఆ మాటే రాయి, నీకు తెలిసింది రాయకు అని. నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంట్లో ఎప్పుడూ నాకేం తెలుసని నన్నెవరూ అడిగింది లేదు కాబట్టి, తెలిసింది పక్కన పెట్టడం పెద్ద కష్టమనిపించలేదు.

ఇంటింటికీ పోయి మీ ఆయన నీకేమవుతాడు అని అడుగుతాను, మామ అంటారు. నేను శ్రద్ధగా రెండు గీతలు గీస్తాను. పక్కగదిలోనూ మామే, ఎదురుగదిలోనూ మామే, వారం తిరిగేసరికి కాగితాల నిండా రెండేసి గీతలు. మేడం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. ఇంత ఎక్కువగా ఎక్కడా చూడలేదంది. మా లైను గొప్పతనమేదో లోకానికి తెలియబోతున్నట్టు నాకు గర్వంగా కూడా అనిపించింది. మర్నాడు మా పెరట్లో తల ఆరబెట్టుకుంటుంటే పక్కింటావిడ మొగుణ్ణి కేకేసింది, "మామా, నీళ్లు కాగినాయి, రా!" అని. వాళ్లకు చుట్టరికం లేదు, ఆ సంబంధం కుదిర్చింది మా అమ్మే. అయ్యో, నా బుద్ధి మండా! మా వైపు పెళ్లాం మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు, ఏమండీ అనడం మాకు నోరు తిరగదు, మామా అంటుంది, అతగాడు మేనమామ అయినా కాకపోయినా. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, నాకు తెలియక కాదు. తెలిసింది రాయొద్దన్నారు కదా!

మేడం కోప్పడలేదు, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, తప్పు నీది కాదు నేను నేర్పినదాంట్లో ఉంది అని చెప్పి, మళ్లీ ప్రతి గడపకూ పంపింది. ఈసారి నా ప్రశ్న, పిలుపు మామా, మేనమామా? లైనులో ఆడవాళ్లకు అదొక వేళాకోళమైపోయింది. నేను కనబడితే చాలు, మామను రాసే పాప వస్తాండాది అనేవాళ్లు. ఒకావిడైతే "పిలుపే పాపా, పిలిచినా యాడ పలకతాడు" అంది. సగానికి పైగా గీతలు రబ్బరుతో చెరిపేశాను. అలా చెరుపుకుంటూ చెరుపుకుంటూ చివరి గదికి వచ్చాను.

చివరి గదిలో ఉండే పిల్లకు నా కంటే ఒకటి రెండేళ్లు ఎక్కువేమో, అయినా నన్ను అక్కా అనే పిలిచేది. మొగుడు ఫ్యాక్టరీలో పని, నోట్లో నాలుక లేని మనిషి. నాలుగేళ్ల కొడుకు, చురుకైన కళ్లు, కానీ వెనకనుంచి గిన్నె పడేసినా తిరిగి చూడడు. తిరువళ్ళూరులో ఒక డాక్టరుకు చూపిస్తే ఆయన బిడ్డను సరిగా ముట్టుకోకుండానే, సొంతంలోనా అని అడిగాడట. అవునని ఈ పిల్ల అంది. అయితే ఇంతే, చేసేదేమీ లేదని చీటీ మీద ఒక ముక్క గెలికి పంపేశాడట. ఆ తరవాత లైనులో అందరూ ఆమెను ఓదార్చేవాళ్లు, ఆ ఓదార్పులో తప్పు నీదేనన్న చురక కూడా ఉండేది. నేను అడిగితే తడుముకోకుండా చెప్పింది, "పిలుపు కాదక్కా, మేనమామే. మాయమ్మకు తమ్ముడు." చెరపవలసిన పని లేదు కదా అని కూర్చుని పై గీతలకు పోయాను. అమ్మ పేరు చెప్పింది. మీ అమ్మమ్మ పేరేమిటమ్మా అన్నాను.

అమ్మమ్మ మాట వినగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. తనను పెంచింది ఆమేనట. పళవేర్కాడులో, అదే పులికాట్ సరస్సు ఒడ్డున, రొయ్యలు ఎండబెట్టేదట, చెయ్యి ఎప్పుడూ ఉప్పుగా ఉండేదట, ఆ చేత్తో పెట్టిన ముద్దకు వేరే ఉప్పు అక్కర్లేదట, పండగరోజు చర్చికి పోతే తన కొంగుకు ముడివేసి కూర్చోబెట్టుకునేదట, లేకపోతే పడవల కాడికి పారిపోతానని. పేరు చెప్పింది, రాసుకున్నాను. అంత సంతోషంగా మాట్లాడుతున్న మనిషిని ఆపబుద్ధి కాలేదు. ఆదివారం మొగుణ్ణి విడిగా అడిగాను, తల్లిదండ్రుల పేర్లు. వాళ్లది అత్తిమంజేరిపేట, మగ్గాల ఇల్లు, తల్లి పుట్టి పెరిగి పోయేదాకా ఆ వీధి దాటి ఎరగదన్నాడు.

రెండు కాగితాలూ మేడ మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. మేనమామ అంటే అమ్మకు తమ్ముడు. అలాంటప్పుడు ఈమె అమ్మమ్మా, అతని తల్లీ ఒకే మనిషి కావాలి. ఒక కాగితంలో పళవేర్కాడు ఒడ్డున చర్చిలో పెట్టిన పేరు, ఇంకో కాగితంలో మగ్గాల వీధిలో అమ్మవారి పేరు. నా స్కేలు ఎటు పెట్టినా ఆ రెండు సున్నలూ ఒక్కటి కావడం లేదు. మొదట నేనే తప్పు రాశాననుకున్నాను. ఆ తరవాత అర్థమై, అర్థం కాకుండా ఉంటే బాగుండేదనుకున్నాను.

మర్నాడు ఒంటరిగా పోయాను. రుబ్బురోలు దగ్గర పిండి రుబ్బుతున్నది నా మొహం చూసి చెయ్యి ఆపేసింది. నేనింకా ఏమీ అడగలేదు. "అక్కా, మేము సొంతమూ లేదు, ఏమీ లేదు. ఆయప్ప లుంగీల మూట ఎత్తుకొని పొన్నేరి మీద మా ఊరికి వస్తాండె. నేను కూడా వచ్చేసినాను. వాళ్లింట్లో రానీలేదు, మా ఇంట్లో రానీలేదు. యాడికి పోయినా మీరెవురు, మీరెవురు అంటారు. మేనమామ అని చెప్తే ఇంగ ఎవురూ ఏమీ అడగరు. నువ్వు రాసుకోబాకక్కా" అంది, పిండి చేతులతోనే నా చెయ్యి పట్టుకుని. నిజమే కదా, మేనమామ అనేశాక ఇంక అడగడానికేముంది, అతని కులమే ఆమె కులం, అతని ఊరే ఆమె ఊరు. మా మేనమామ కూడా ఆ ఒక్క మాట విని సంతోషపడి తాళంచెవి ఇచ్చేశాడు.

నాకు ఉన్నట్టుండి బిడ్డ గుర్తొచ్చాడు. అయితే ఆ డాక్టరు చెప్పింది తప్పు కదా అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. తెలుసట. ఏడాది వయసు దాకా పిలిస్తే తిరిగి చూసేవాడట, ఒళ్లు కాలిపోయే జ్వరం ఒకటి వచ్చి పోయాకనే ఇలా అయ్యాడట. డాక్టరు అడిగినప్పుడు సాయానికి వచ్చిన లైను ఆవిడ పక్కనే నిలబడి ఉంది, ఆమె ముందర కాదని ఎలా చెప్తుంది? చెప్తే గది పోతుంది, చెప్పకపోతే బిడ్డ చెవులు పోతాయి. ఆ పిల్ల గదిని ఎంచుకుంది అని తేలిగ్గా అనేయకండి, గది లేకపోతే బిడ్డను పెట్టుకుని ఎక్కడ పడుకుంటుంది? నేను ఆరోజు ఇంటికి పోయి అన్నం తినలేదు. ఎందుకు తినలేదో మా అమ్మకు చెప్పలేదు.

రాస్తే ఒక పాపం, రాయకపోతే ఒక పాపం. రాయకపోతే ఆ బిడ్డ రెండు గీతల కింద నల్లటి త్రికోణమై, మేనరికం వల్ల పిల్లలు ఇలా పుడతారనడానికి సాక్ష్యమైపోతాడు. చివరికి కాగితం మీద పెట్టకుండా నోటితో మేడంకు చెప్పాను. ఆవిడ మొదట కొత్త నోటుపుస్తకం తీసింది, కలం మూత కూడా తీసింది, ఇది చాలా ముఖ్యమైన విషయం, మనుషులు లేని వరసను కల్పించుకుని దాని నీడలో బతకడం అని ఏదేదో ఆవేశంగా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ సంగతేమిటి మేడం అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, సిగ్గుపడినట్టుగా, పుస్తకం మూసేసింది.

అందరం కలిసి మద్రాసు పోయాం, తల్లీ బిడ్డా, మేడం, నేను. లైనులో వాళ్లకు గుడికని చెప్పాం. బిడ్డ దారి పొడుగునా కిటికీకి చెయ్యి ఆనించి ఉంచాడు, రైలు అదురు వాడికి అలా తెలుస్తుందనుకుంటాను. అక్కడ చెవుల డాక్టరు తీరిగ్గా చూశాడు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, కొంచెం వినికిడి ఇంకా ఉంది, మిషను పెట్టి మాటలు నేర్పిస్తే ఫలితం ఉండొచ్చు, ఆలస్యం చేస్తే నోరు మొద్దుబారిపోతుంది అన్నాడు. పేరు రాసి ఇస్తే వంతు వచ్చినప్పుడు ఉత్తరం వేస్తామన్నారు. ఫారం నింపింది నేనే. ఇక్కడైనా నిజం చెప్పు, నీ పేరు నీ పేరుగా రాయించుకో అని పెద్ద తెలివిగలదానిలా సలహా ఇచ్చి, లైనులో చెప్పుకునే పేరు కాకుండా చర్చిలో పెట్టిన ఆమె అసలు పేరును ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. కింద అడ్రసు కూడా రాశాను. లైనులో అందరి ఉత్తరాలూ వచ్చేది ఒకే చోటికి, మా మేనమామ బియ్యం కొట్టుకు. రాసేటప్పుడు నాకు తట్టలేదంటే మీరు నమ్మరు, నేనే నమ్మను, కానీ తట్టలేదు.

మేడం పని ముగించుకుని మద్రాసు వెళ్లిపోయింది. మా బావకు ఉద్యోగం ఖాయమైంది. తాంబూలాలకు రోజు చూస్తున్నారు. ఒక పొద్దున అమ్మ చెప్పిన మాటేదో చెప్పడానికి కొట్టుకు పోయి మా మేనమామ పక్కన నిలబడి ఉన్నాను, పోస్టుమాన్ వచ్చి ఉత్తరాలు పంచి, చివరగా ఒక పొడుగు కవరు తిప్పి తిప్పి చూస్తూ పేరు చదివాడు. కొట్లో బియ్యం కొలిపించుకునే వాళ్లు నలుగురైదుగురున్నారు. మా మేనమామ పేరు విని, "అట్లాంటి పేరుగల్ల వాళ్లు మన లైన్లో ఎవురూ లేరప్పా" అని, నా వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు అందరి పేర్లూ రాసినావు గదా, ఉండారా?" అన్నాడు.

"లేరు మామా" అన్నాను.

అంతే. ఎంతసేపు పట్టింది ఆ మాట అనడానికి? నిజం చెప్తే ఆ పిల్ల గది పోతుందని ఆగానా, అన్నీ తెలిసి దాచినందుకు నా సంబంధం చెడుతుందని ఆగానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వీధి చివర పోస్టుమాన్‌ను పట్టుకుందామనుకున్నాను, కొట్టు దిగడానికి సాకు దొరికేసరికి అతను సైకిలెక్కి పోయాడు. మర్నాడు పోస్టాఫీసుకు పోతే కవరు తిరుగుటపాలో పోయిందన్నారు.

నేరుగా చివరి గదికి పోయి ఆ పిల్లకు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "పోనీలేక్కా, ఆ పేరు ఇక్కడ ఎవురికీ తెలీకూడదని గదా మేమే అనుకునింది" అని నన్నే ఓదార్చింది. మేడంకు ఉత్తరం రాశాను. ఆవిడ కనుక్కుని, వంతు ఇంకొకరికి పోయింది, మళ్లీ పేరు వేయిస్తాను, ఈసారి సరైన అడ్రసు పంపించు అని రాసింది. అది చేరేసరికి చివరి గది ఖాళీ. ఆ పేరు నలుగురి చెవినా పడిందని భయపడ్డారేమో, ఒక పొద్దున సామాను రిక్షాలో వేసుకుని, ఫ్యాక్టరీ దగ్గరే గది దొరికిందని చెప్పి వెళ్లిపోయారట. ఏ వీధో ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. సరైన అడ్రసు అనే గీత మీద నేనేం రాయను?

మేనరికాల మీద అన్ని కాగితాలు గీసినదాన్ని, ఆ ఏడే మా బావను చేసుకున్నాను. పెళ్లికి మేడం కూడా వచ్చింది, అక్షింతలు వేసి నవ్వింది. ఆ నవ్వుకు అర్థమేమిటో అడగలేదు. నా పిల్లలిద్దరికీ చెవులు భేషుగ్గా ఉన్నాయి, ఎంత భేషుగ్గా అంటే నేను గొణుక్కున్నవి కూడా వాళ్లకు వినపడతాయి. నాలుగైదేళ్లకు మేడం తన పుస్తకం బైండు చేయించి ఒక ప్రతి నాకు పంపింది. ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం, వెనక మా లైను బొమ్మలు, నా గీతలే, ఇంటింటికీ ఒక అంకె. చివర్న పందొమ్మిది అంకె తరవాత ఏమీ లేదు. చివరి గదిని ఆవిడ పూర్తిగా వదిలేసింది, నిజమూ రాయలేదు, అబద్ధమూ రాయలేదు. జనం ఎందుకలా చేస్తారో తేల్చడానికి వచ్చిన పుస్తకంలో, అన్నిటికంటే తేల్చవలసిన ఇల్లే లేదు. మంచిపని చేసిందో, చేతులు దులుపుకుందో నాకు తెలియదు.

ఎనభైల చివర్లో నేను తిరువళ్ళూరులో టీచరుగా పనిచేసేటప్పుడు రోజూ రైలు ప్రయాణం. ఒక సాయంత్రం నా రైలు కదలబోతుంటే ఎదుటి ప్లాట్‌ఫారం మీద చివరి గది పిల్ల కనపడింది, కొంచెం ఒళ్లు చేసింది. పక్కన నూనూగు మీసాల కుర్రవాడు. వాడి చెవికి మిషను లేదు. ఇద్దరూ చేతులతో గబగబా మాట్లాడుకుంటున్నారు, వేళ్లు తిప్పుతూ, బుగ్గ తాకి, గుండె తాకి, మధ్యలో ఆమె వాడి చెయ్యి మీద ఒకటి వేసింది, ఇద్దరూ విరగబడి నవ్వారు. దిగిపోదామని లేచాను. రైలు కదిలింది. కదలకపోతే దిగేదాన్నా అంటే, ఏమో.

మా మేనమామ, అప్పటికి మా మామగారు, చివరి రోజుల్లో మంచం మీద ఉండి పాత సంగతులు తోడుకునేవాడు. ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే ఉన్నట్టుండి, చివరి గదిలో ఒక మూగబిడ్డ తల్లి ఉండేది గుర్తుందా, వాళ్లు మనవాళ్లు కాదు, సొంతమూ కాదు, నాకు మొదటినుంచీ తెలుసు అన్నాడు. "ఆదివారం పొద్దున ఆ పిల్ల తలమీద కొంగు కప్పుకొని కండ్లు మూసుకొని కూచుంటాండె. నాకు కండ్లు లేవా?" మరి ఆ కవరు వచ్చినప్పుడు లేరని ఎందుకన్నారు మామా అని అడిగాను. "కొట్లో అంతమంది ఉండిరి గదమ్మా, వాళ్ల ముందర ఎట్ల చెప్పేది. దానికే నిన్ను అడిగినాను. నువ్వు రాసిన దానివి, నువ్వు ఉండారంటే తీసుకొని ఇచ్చేద్దామనుకొంటి. నువ్వే లేరంటివి" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. మూతి తుడుచుకుని అటు తిరిగి పడుకున్నాడు.  తెలుసని ఆయన నాకు చెప్పలేదు, తెలుసని నేను ఆయనకు చెప్పలేదు, ఒకరికి ఒకరు తెలియకుండా ఇద్దరం కలిసి ఆ కవరును వెనక్కి పంపేశాం.

ఇప్పుడు ఆ లైను లేదు, బావి పూడ్చేసి లాడ్జి కట్టారు. కొత్త కోడళ్లు మొగుళ్లను పేరు పెట్టి పిలుస్తారు, ఒరేయ్ అని కూడా పిలుస్తారు, వినడానికి బాగానే ఉంటుంది. మామా అని మొగుణ్ణి కేకేసే గొంతు మా వీధిలో విని ఎన్నేళ్లయిందో. ఇల్లు అద్దెకిచ్చే వాళ్లు వరస అడగరు, ఆధారు కార్డు అడుగుతారు, అందులో పేరు చూసి తెలుసుకోవలసినది నోరు విప్పకుండానే తెలుసుకుంటారు. అప్పటి అడగడం మేలో ఇప్పటి అడగకపోవడం మేలో మేడం లాంటి చదువుకున్నవాళ్లు చెప్పాలి, నాకైతే తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ అబద్ధాన్ని ఆ పిల్ల చెప్పింది, మొగుడు తల ఊపాడు, లైను నమ్మింది, డాక్టరు రాసుకున్నాడు, మా మేనమామ మోశాడు, నేను కాపాడాను. మా అందరిలో దాన్ని ఒక్కసారి కూడా విననివాడు ఆ బిడ్డ ఒక్కడే, దాని ఖరీదు మాత్రం వాడొక్కడే కట్టాడు.